ముందు గండి పూడ్చాలి: హెపటైటిస్-సికి వైరస్ మందులా, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలా?

మా దుకాణంలో అన్నిటికన్నా ఎక్కువ లాభం మిగిల్చేది లివర్ టానిక్కులు పెట్టిన అర. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల నడుమ మందుల షాపు నడుపుతున్నవాడిని కాబట్టి ఈ మాట తడుముకోకుండా చెప్పగలను. సిలిమారిన్, విటమిన్-ఇ, సెలీనియం, గ్లూటాథయోన్, కర్క్యుమిన్... ఆ డబ్బాలన్నిటి మీదా పెద్ద అక్షరాల్లో ఉండే మాట ఒకటే, యాంటీ ఆక్సిడెంట్ అని. కాలేయానికి పట్టే వైరస్ జబ్బు హెపటైటిస్-సి బయటపడి, డాక్టరు రాసిన చీటీతో వచ్చేవాళ్లలో చాలామంది అడిగేదీ ఒకటే. "వైరస్ మందు వేడి చేస్తుందట కదండీ, ముందు ఓ మూడు నెలలు ఇవి వాడి లివర్‌ని బలపరుచుకుని, తర్వాత అది మొదలుపెడితే?"

వద్దు అన్నదే నా జవాబు. అయితే ఆ ప్రశ్న వెనక ఉన్నది పూర్తిగా మూఢనమ్మకం కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నేను ఫార్మసిస్టును, డాక్టర్ను కాను. మందు ఏదో తేల్చేది మీ డాక్టరే. ఆ గదిలోకి వెళ్లేముందు మీరు ఏమేం తెలుసుకుని వెళ్లాలో మాత్రం చెప్పగలను.

సింగ్ నగర్ నుంచి వచ్చిన ఒకాయన ఫోనులో ఒక వ్యాసం చూపించాడు. హెపటైటిస్-సి ఉన్నవారి కాలేయంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువగా ఉంటుందని అందులో ఉంది.

"ఇది అబద్ధమా అండీ?"

"నిజమేనండి."

"అయితే ఆ మాత్రలే ఇవ్వండి మరి."

"2024 సెప్టెంబరులో మీ ఇంట్లోకి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయండి?"

"బుడమేరు వాగు గండ్ల నుంచి."

"గండ్లు పూడకముందే మోటారు పెట్టి తోడారా?"

ఆయన నవ్వాడు. ఆ వరద చూసిన మనిషికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం మిగతాది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

మన కణాల్లో శక్తిని తయారుచేసేవి మైటోకాండ్రియాలు. ఆ పనిలో కొద్దిగా నిప్పురవ్వలు రాలడం సహజం. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. వాటిని ఎప్పటికప్పుడు ఆర్పడానికి కణంలోనే గ్లూటాథయోన్ లాంటి సరంజామా ఉంటుంది, యాంటీ ఆక్సిడెంట్లంటే ఇలా ఆర్పేవే. హెపటైటిస్-సి వైరస్ ఈ లెక్కను చెడగొడుతుంది. దాని కోర్ ప్రోటీన్ మైటోకాండ్రియా పైపొరను పట్టుకుని లోపలికి కాల్షియం ఎక్కువగా చేరేలా చేస్తుంది, దాంతో రవ్వలు పెరుగుతాయి. ఎన్‌ఎస్5ఏ అనే మరో ప్రోటీన్‌దీ ఇందులో చేయి ఉంది. ఆర్పే గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోతుంది. రవ్వలు ఎక్కువై, ఆర్పేది తక్కువైన ఈ స్థితే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

దీనికి ఇనుము తోడవుతుంది. ఒంట్లో ఇనుమును అదుపులో ఉంచే హెప్సిడిన్ అనే హార్మోనును ఈ వైరస్ తగ్గిస్తుంది. ఫలితంగా కాలేయంలో ఇనుము పేరుకుంటుంది. కొందరి రిపోర్టుల్లో ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ ఎక్కువగా కనబడేది ఇందుకే. రవ్వలున్న చోట ఇనుము చేరడమంటే పొయ్యి పక్కన కిరసనాయిలు డబ్బా పెట్టడమే. కణాల కొవ్వు పొరలు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. ఆ గాయాలకు స్పందించి, మామూలుగా విటమిన్-ఎ దాచుకుని నిద్రపోయే స్టెల్లేట్ కణాలు మేల్కొని మచ్చకట్టే పనిలో పడతాయి. ఏళ్ల తరబడి ఈ మచ్చలు పెరిగితే సిర్రోసిస్. దీర్ఘకాలిక హెపటైటిస్-సి ఉన్నవారిలో 20 ఏళ్లలో సిర్రోసిస్ వచ్చే ముప్పు 15 నుంచి 30 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

కాబట్టి ఆక్సిడేటివ్ స్ట్రెస్ కట్టుకథ కాదు. అయితే అది కారణం కాదు, వరద నీరు. గండి వైరస్. వైరస్ మందులతో నయమైనవారిలో ఈ ఒత్తిడిని సూచించే గుర్తులు వాటంతట అవే తగ్గుతాయని చాలా పరిశోధనల్లో కనబడింది. వాటిని కొలిచే పరీక్షలు పరిశోధనశాలలకు పనికొస్తాయి కానీ మీ చికిత్సను మార్చవు. ఎవరైనా ప్యాకేజీలో అంటగట్టబోతే వద్దనండి.

మా అరలో సరుకు గురించి

సిలిమారిన్ సంగతి తేలిపోయి చాలా ఏళ్లయింది. అప్పటి ఇంజెక్షను మందు ఇంటర్‌ఫెరాన్ పనిచేయని 154 మంది హెపటైటిస్-సి రోగుల మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వచ్చాయి. రోజుకు మూడుసార్లు, కొందరికి 420 మిల్లీగ్రాములు, కొందరికి 700, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర, 24 వారాలు ఇచ్చారు. కాలేయం దెబ్బను చూపే రక్తపరీక్ష ఎస్‌జీపీటీ తగ్గడంలో అసలు మాత్రకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనబడలేదు. మందు మోతాదు చాలలేదని అనడానికి కూడా వీల్లేదు, మామూలు మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువే ఇచ్చారు.

విటమిన్-ఇ విషయంలో ఒక మెలిక ఉంది. షుగరు లేని, కొవ్వు వల్ల కాలేయం వాచిన రోగుల్లో రోజుకు 800 యూనిట్ల విటమిన్-ఇ మేలు చేసిందని 2010లో ఒక పెద్ద పరీక్ష చూపింది. డాక్టర్లు దాన్ని రాయడం చూసి, "కాలేయానికి మంచిదట" అని జనం హెపటైటిస్-సికి కూడా వాడేస్తున్నారు. రెండూ వేర్వేరు జబ్బులు. పైగా ఊరికే వాడుకునే విటమిన్ కాదది. 400 యూనిట్ల మోతాదులో ఏళ్ల తరబడి వాడిన మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. మీకు కొవ్వు కాలేయం కూడా ఉండి డాక్టరు రాశారంటే అది వేరే సంగతి.

ఇక పసరు. మన వైపు కామెర్లనగానే నేల ఉసిరి గుర్తొస్తుంది. పసరు పోసేవాళ్లకు ఇంత పేరు ఎలా వచ్చిందో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత తెలిసింది. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఏ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏది తాగితే దానికి పేరు. హెపటైటిస్-సి అలాంటిది కాదు. చాలామందిలో అది కామెర్లు కూడా చూపించదు, చప్పుడు చేయకుండా ఇరవై ఏళ్లు కూర్చుంటుంది. సోకినవారిలో సుమారు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది, మిగతా 70 శాతంలో తిష్ఠ వేస్తుంది. అక్కడ పసరుకు పేరు తెచ్చుకునే అవకాశం కూడా లేదు.

తిప్పతీగ మాత్రం వద్దే వద్దు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాచుకున్నారు. దానివల్ల కాలేయం దెబ్బతిని ఆసుపత్రిపాలైన కేసులను మన దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ గుళికల మీద, గ్రీన్ టీ సారం గుళికల మీద కూడా ఇలాంటి నివేదికలున్నాయి. కూరలో వేసే పసుపు గురించి కాదు నేను చెప్పేది, గుళికల గురించి.

అసలు ఎంచుకోవాల్సింది ఇక్కడ

2014కు ముందైతే ఈ ఎంపిక నిజంగా కష్టమే. వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షను, రోజూ రైబావిరిన్, ఆరు నెలలో ఏడాదో. జ్వరాలు, జుట్టు రాలడం, దిగులు. ఈ వైరస్‌లో రకాలున్నాయి, వాటిని జీనోటైపులంటారు. ఇంత పడ్డా జీనోటైప్-1 ఉన్నవారిలో సగం మందికైనా నయమయ్యేది కాదు. "వైరస్ మందు వేడి" అన్న భయం ఆ రోజుల నుంచి మిగిలిందే. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్ అనే వైరస్ మాత్ర వచ్చింది. అప్పట్లో అమెరికాలో ఒక్కో మాత్ర ధర 1000 డాలర్లు. 2014 సెప్టెంబరులో ఆ మందు హక్కులున్న గిలియడ్ సంస్థ మన దేశపు కంపెనీలకు తయారీ అనుమతులిచ్చింది. మొదటి జాబితాలో హైదరాబాద్ కంపెనీ హెటెరో ఉంది, మరుసటి ఏడాది నాట్కో చేరింది. ఆ తర్వాతే మా బోటి దుకాణాలకు ఈ మాత్రలు చేరాయి.

ఇప్పుడు మీ చీటీలో కనబడే జోడీలు ప్రధానంగా రెండు. సోఫోస్బువిర్ 400 మిల్లీగ్రాములతో డక్లటాస్విర్ 60 ఒకటి, సోఫోస్బువిర్ 400తో వెల్పటాస్విర్ 100 కలిపిన మాత్ర మరొకటి. రెండూ మామూలుగా 12 వారాలే. రెండూ అన్ని జీనోటైపుల మీదా పనిచేస్తాయి. సోఫోస్బువిర్-లెడిపాస్విర్ అనే మూడో జోడీ కూడా ఉంది కానీ మన దేశంలో ఎక్కువగా కనబడే జీనోటైప్-3కి అది సరైనది కాదు. మీకు జీనోటైప్ పరీక్ష చేయకుండా అది రాస్తే కారణం అడగండి.

మొదటి రెండింటిలో ఏది అన్నది చాలావరకు ఒక్క విషయం తేలుస్తుంది, సిర్రోసిస్ ఉందా లేదా అన్నది. జీనోటైప్-3 ఉన్నవారిలో డక్లటాస్విర్ జోడీ 12 వారాలు వాడితే, సిర్రోసిస్ లేనివారిలో 96 శాతం మందికి నయమైంది. ఉన్నవారిలో 63 శాతానికి పడిపోయింది. వెల్పటాస్విర్ జోడీతో అదే జీనోటైప్-3లో సిర్రోసిస్ ఉన్నవారిలో కూడా 91 శాతం. అంటే కాలేయం ఇంకా మచ్చకట్టనివారికి రెండూ దాదాపు సమానం. మచ్చకట్టినవారికి వెల్పటాస్విర్ మెరుగు. "కొత్తది కాబట్టి మంచిది" అని డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు, "చవకైనది చాలు" అని సిర్రోసిస్ ఉండగా సర్దుకోనూ కూడదు.

సిర్రోసిస్ ఉందో లేదో తెలియడానికి, కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ మంచిదే. అది లేకపోయినా మీ చేతిలో ఉన్న రిపోర్టులతో ఎఫ్‌ఐబీ-4 అనే లెక్క వేయొచ్చు. వయసును, ఎస్‌జీపీటీ లాంటిదే అయిన ఎస్‌జీఓటీతో గుణించాలి. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్యతో (వేలల్లో) గుణించాలి. మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. ఉదాహరణకు 54 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 80, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు అనుకుందాం. పైన 4320, కింద 8 ఇంటూ 120, అంటే 960. వచ్చేది 4.5. ఇది 1.45 కంటే తక్కువైతే మచ్చలు పెద్దగా లేనట్టు, 3.25 దాటితే ముదిరినట్టు భావిస్తారు. మన ఉదాహరణలోని మనిషి వెల్పటాస్విర్ గురించి మాట్లాడాల్సినవాడు.

రెండో తేడా విని మీరు ఆశ్చర్యపోతారు. గ్యాస్ మాత్ర. మన ఊళ్లో పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వేసుకోని ఇల్లు అరుదు. వెల్పటాస్విర్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని ఆపేస్తే వెల్పటాస్విర్ ఒంటికి సరిగ్గా పట్టదు. కుదిరితే ఆ 12 వారాలు గ్యాస్ మాత్ర మానాలి. తప్పదంటే డాక్టరుతో చెప్పి, వెల్పటాస్విర్‌ను భోజనంతో వేసుకుని నాలుగు గంటలు గడిచాక ఒమెప్రజోల్ 20 వేసుకునే పద్ధతి ఉంది. గ్యాస్ సిరప్పులకైనా నాలుగు గంటల ఎడం పాటించాలి. డక్లటాస్విర్‌కు ఈ తంటా అంతగా లేదు. చీటీలో రాయని మాత్ర కాబట్టి దీన్ని డాక్టరుకు చెప్పడం అందరూ మరిచిపోతారు. నేనైతే కౌంటరు దగ్గర మొదట అడిగేది ఇదే.

గుండె లయ తప్పినందుకు అమియోడరోన్ వాడుతుంటే సోఫోస్బువిర్‌తో గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు, 2015లోనే హెచ్చరిక వచ్చింది. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ లేదా కార్బమాజెపిన్ వాడుతుంటే ఈ వైరస్ మందులు రక్తంలో నిలవవు. కొలెస్టరాల్ మాత్రల మోతాదు కూడా చూపించుకోవాలి. డయాలసిస్‌లో ఉన్నవారికి సోఫోస్బువిర్ వద్దనేవారు, 2019 నుంచి ఆ అడ్డు తొలగింది. షుగరు ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. వైరస్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ బాగా పనిచేసి షుగరు పడిపోవచ్చు. పాత మోతాదే కొనసాగిస్తే కళ్లు తిరిగి పడిపోతారు.

హెపటైటిస్-బి పరీక్ష చేయకుండా ఏ జోడీ మొదలుపెట్టకూడదు. సి వైరస్ తగ్గగానే అణిగి ఉన్న బి వైరస్ తల ఎత్తిన సంఘటనలున్నాయి.

రైబావిరిన్ కలపాలా?

పొట్టలో నీరు చేరడం, మతి తప్పడం లాంటి స్థితికి సిర్రోసిస్ ముదిరినవారికి ప్రధానంగా ఈ ప్రశ్న. అలాంటివారిలో వెల్పటాస్విర్ జోడీ ఒక్కటే 12 వారాలిస్తే 83 శాతం, రైబావిరిన్ కలిపితే 94 శాతం, రైబావిరిన్ లేకుండా 24 వారాలిస్తే 86 శాతం మందికి నయమైంది. తేడా చిన్నది కాదు. కానీ రైబావిరిన్ ఎర్ర రక్తకణాల్లో పేరుకుని, వాటి శక్తి నిల్వను హరించి, పొరలను ఆక్సిడేటివ్ దెబ్బకు గురిచేస్తుంది. రక్తహీనత వస్తుంది. చూశారా, ఒక చికిత్సే ఆక్సిడేటివ్ స్ట్రెస్ తెచ్చిపెట్టే చోటు ఇది. విటమిన్-సి, ఇ ఇస్తే రక్తం నిలుస్తుందేమోనని ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో ప్రయత్నించారు, నమ్మదగిన ఫలితం రాలేదు. హిమోగ్లోబిన్ చూసుకుంటూ మోతాదు తగ్గించడమే పనిచేసిన మార్గం. పిల్లలు కలగబోయే దంపతుల్లో ఎవరు వాడినా, మందు ఆపాక కూడా భర్త వాడితే కనీసం ఆరు నెలలు, భార్య వాడితే కనీసం తొమ్మిది నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

ఎక్కడ వాడాలి?

దుకాణదారుణ్ణి అయినా నిజం చెబుతాను. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. సిర్రోసిస్ లేకపోతే డక్లటాస్విర్ జోడీ, ఉంటే వెల్పటాస్విర్ జోడీ, ముదిరితే రైబావిరిన్‌తో కలిపి. పైన చెప్పిన లెక్కలకు సరిపోయే పద్ధతే. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగండి. వరసలో నిలబడాలి, రెండు మూడుసార్లు తిరగాలి, అది నిజమే. మా దుకాణంలో దొరికే మాత్రలో అదనంగా ఉండేది డబ్బా మెరుపు మాత్రమే. ప్రైవేటులో చూపించుకోవడానికి సరైన కారణాలు వేరు. ముదిరిన సిర్రోసిస్, కిడ్నీ మార్పిడి, ఇంతకుముందు ఒక కోర్సు విఫలం కావడం లాంటివి ఉంటే అనుభవమున్న కాలేయ నిపుణుడు కావాలి, ఆయన ఎక్కడ ఉంటే అక్కడికి.

పన్నెండు వారాల్లో పథ్యం

గుంటూరు నుంచి వచ్చేవాళ్లు కారం మానాలా అని దిగులుగా అడుగుతారు. మానక్కర్లేదు. ఎండుమిరపకు ఆ ఎరుపునిచ్చే కాప్సాంథిన్ స్వయంగా యాంటీ ఆక్సిడెంటే. మీ ఊళ్లో అది గుళికల్లో కాదు, బస్తాల్లో దొరుకుతుంది. పొట్టలో నీరు చేరినవారికి ఆవకాయతో ప్రమాదం ఉంది. అది కారం వల్ల కాదు, ఉప్పు వల్ల. జామకాయ, ఉసిరికాయ, ఆకుకూరలు హాయిగా తినండి. కాఫీ తాగేవారిలో కాలేయం మచ్చకట్టడం నెమ్మదిగా ఉంటుందని చాలా పరిశీలనల్లో కనబడింది, కాబట్టి ఆ అలవాటు ఉంటే ఉండనివ్వండి, చక్కెర తగ్గించండి.

మద్యం పూర్తిగా ఆపాలి. అది వైరస్ చేసే పనినే ఇంకో దారిలో చేస్తుంది, ఉన్న కాస్త గ్లూటాథయోన్‌ను కూడా కరిగిస్తుంది. నీరసంగా ఉందని ఐరన్ టానిక్ కొనకండి, ఎందుకో పైన చెప్పాను. రక్తహీనత ఉందని పరీక్షలో తేలితేనే వాడాలి. జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, సిర్రోసిస్ ఉంటే రోజుకు 2 గ్రాములు దాటకూడదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సిర్రోసిస్‌లో వద్దు. ఒక పూట మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు రెండు కలిపి వేసుకోవద్దు.

ఈ పన్నెండు వారాల్లో లివర్ టానిక్ వాడాలని మీకు బలంగా ఉంటే, కనీసం దాని డబ్బా డాక్టరుకు చూపించండి. మధ్యలో ఎస్‌జీపీటీ పెరిగితే అది వైరస్ వల్లో, మాత్ర వల్లో, ఆ టానిక్ వల్లో తేల్చుకోలేక వాళ్లు పడే అవస్థ నాకు తెలుసు.

సింగ్ నగర్ ఆయన ఎఫ్‌ఐబీ-4 లెక్క తక్కువే వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో డక్లటాస్విర్ జోడీ తీసుకున్నాడు. కోర్సు ముగిసిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనబడలేదు. నయమైనట్టు లెక్క అదే. సిర్రోసిస్ ఉన్నవారైతే ఆ తర్వాత కూడా ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటూనే ఉండాలి, క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది కానీ పోదు. ఒకసారి నయమైతే మళ్లీ రాదనేమీ లేదు, వాడిన సూదులు, బ్లేడ్ల జోలికి పోకూడదు.

కొన్ని నెలల తర్వాత ఆయన మళ్లీ కంగారుగా వచ్చాడు. కంటి ఆపరేషనుకు ముందు చేసిన పరీక్షలో హెపటైటిస్-సి పాజిటివ్ వచ్చిందట. అది యాంటీబాడీ పరీక్ష. వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు నయమైనా చాలామందిలో జీవితాంతం ఉంటాయి, అలాంటివారికి ఎప్పుడు చేసినా పాజిటివ్ అనే వస్తుంది. వైరస్ లేదని చెప్పేది ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు ఒక్కటే. అది ఇంట్లో ఎక్కడో ఉందన్నాడు. వెతికించి, పక్కనున్న జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించుకుని రమ్మన్నాను.